పదో పేరు

సంజమ్మ మన లేసు డిజైన్లను ఫోటోలు తీసి ఒరిస్సా పంపించేస్తోందని మా వీధిలో అందరికీ తెలుసు. ఎంత బాగా తెలుసంటే, ఎవరు చూశారని అడిగే అవసరం కూడా ఎవరికీ రాలేదు. మూలన కూర్చుని, ఒళ్ళోని అల్లిక మీదకి ఫోను వంచి, లైటు వేసి మరీ తీసేదట. అక్కడ ఆవిడ తమ్ముడికి ఫ్యాక్టరీ ఉందట. మన నరసాపురం గులాబీ వచ్చే ఏడాదికల్లా బరంపురంలో మిషను మీద పడుతుందట. లేసు సంఘంలో ఉన్న చిన్నమ్మాయి మొదట చెప్పినప్పుడు ఇందులో ఫ్యాక్టరీ లేదు. మా వీధి మలుపు తిరిగేసరికి వచ్చింది. చేపల మార్కెట్టు దగ్గరికి చేరేసరికి దానికి రెండో అంతస్తు కూడా వేశారు.

ఆవిడ అసలు పేరు సంజుక్త. గంజాం జిల్లా మనిషి. అది పలకడం కష్టమని మావాళ్ళు సంజమ్మ చేశారు. ఆవిడని అడిగి చేశారో లేదో నాకు తెలియదు. భర్త ఊరి బయట రొయ్యల చెరువుల మీద మేత వేసే పనికి వస్తే, ఆయనతో వచ్చింది. నాలుగేళ్ళు రొయ్యల షెడ్డులో తలలు తీసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు ఐసు నీళ్ళలో ఉండాలి. ఆవిడ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ చివర్లు పగిలి, గోళ్ళ చుట్టూ చీము పట్టేది. ఆసుపత్రిలో చూపించుకుంటే, "ఇంకో ఏడాది ఐసులో పెట్టావంటే ఈ రెండు వేళ్ళూ నీవి కావమ్మా" అన్నారట డాక్టరుగారు. అప్పుడు షెడ్డు మానేసింది.

ఏసమ్మగారి ఇంటి పక్క వాటాలో అద్దెకి ఉండేది. ఏసమ్మగారు మా సంఘంలో పాతకాపు. డెబ్బై దాటాక కళ్ళు మసకబారి లేసు మానేశారు. చేతులు ఊరుకోక, పక్కవాటా ఆవిడకి నేర్పారు. ఏసమ్మగారికి వాళ్ళ నాయనమ్మ నేర్పింది. ఆవిడకి ఓడ దిగి వచ్చిన తెల్ల దొరసాని నేర్పింది. దొరసాని తెచ్చిన పనిని మేము ఇప్పుడు 'మన రక్తంలో ఉన్న కళ' అంటాం. మొన్న టీవీవాళ్ళు వస్తే మా లీడరు సత్యశ్రీ పిన్నిగారు ఆ మాట మూడుసార్లు అన్నారు. మూడోసారి కెమెరా ఆపేశాక అన్నారు.

సంఘంలో పదిమంది ఉండాలి. పది పేర్లూ లీడరు సంతకంతో వెళితేనే కార్డులు వస్తాయి. కార్డు ఉన్నవాళ్ళకి లేసు సెంటరు వాళ్ళు ఏడాది పొడుగునా దారం ఇచ్చి పని ఇస్తారు. కార్డు లేనివాళ్ళు ఎంత బాగా అల్లినా ఇంట్లో అల్లుకుని ఇంట్లో పరుచుకోవలసిందే. ఏసమ్మగారు మానేశాక పదో పేరు ఖాళీ అయింది. ఆ పేరు సంజమ్మకి కావాలి. దొరికితే లేసు, దొరక్కపోతే మళ్ళీ ఐసు.

నేను సంఘంలో లేను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచి పిన్నిగారింట్లో లేసు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ఎవరి పనికి వాళ్ళ పేరు చీటీ కుట్టడం నా పని. కాబట్టి అందరి చేతులూ నాకు తెలుసు. నేనక్కడ ఉన్నట్టు మాత్రం ఎవరికీ అంతగా తెలియదు.

సంజమ్మ మొదటిసారి అడగడానికి వచ్చినప్పుడు పిన్నిగారు ఎంతో మర్యాదగా కాఫీ ఇచ్చి, "అల్లిక ఒక్కటే చాలదు కదమ్మా. నలుగురిలో కలిసిపోవాలి. ముందు తెలుగు రానీ, చూద్దాం" అన్నారు.

సంజమ్మ ఆ మాట నమ్మింది. ఎనిమిది నెలల్లో తెలుగు నేర్చుకుంది. అదీ మామూలు తెలుగు కాదు, మా తెలుగు. ప్రతి మాట చివరా అండి. అవునని చెప్పాలంటే ఆయ్. కోడి వరండా ఎక్కితే "దిగండి, దిగండి" అని తోలేది. ఇంక చేర్చుకుంటారనుకున్నాను.

"ఎంత గడుసుదో చూశారా?" అంది చిన్నమ్మాయి, ఆవిడ లేనప్పుడు. "అంత తెలుగు అంత తొందరగా ఎందుకంట? మన మాటలు వినడానిక్కాపోతే!"

"అవునే, నాకూ అదే అనిపించింది" అన్నారు పిన్నిగారు. అప్పటి నుంచి ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టారు. గొంతు తగ్గించి మాట్లాడుకున్నది కూరగాయల గురించే.

ఇక్కడ మాంగీలాల్ సేటుగారి గురించి చెప్పాలి. రాజస్థాన్ నుంచి వచ్చి ఇరవై నాలుగేళ్ళయింది. బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల కొట్టు. ఆయన తెలుగులో మగవాళ్ళు లేరు. "మీ ఆయన పొద్దున వచ్చింది, కుక్కరు పట్టుకెళ్ళింది" అంటారు. మా ఆడవాళ్ళు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సేటుగారి తెలుగు ఎంత ముద్దుగా ఉంటుందో!" అని నవ్వుతారు. ఆయన అంతకన్నా నేర్చుకోనక్కర్లేకుండా వీళ్ళే సినిమా హిందీలో బేరమాడతారు. ఆయన కోడలు కోమల్ ముఖం మీద ముసుగు తీయదు. "ఎంత పద్ధతి!" వాళ్ళింట్లో ఉల్లిపాయ కూడా తినరు. "ఎంత నిష్ఠ!" ఒకసారి సంఘం భోజనాలకి వాళ్ళని పిలిచి, వాళ్ళ కోసం చేపలూ రొయ్యలూ లేకుండా వండించారు. నరసాపురంలో అది మామూలు త్యాగం కాదు. దసరాకి వాళ్ళు కల్యాణమండపంలో కర్రలు పట్టుకుని ఆడితే, మా పిల్లలంతా అద్దాల లంగాలు కుట్టించుకుని వెళ్ళి వాళ్ళ వెనకాల ఆడారు.

సంజమ్మకీ ఒక పండగ ఉంది. వానలు మొదలయ్యేటప్పుడు మూడు రోజులు భూమికి విశ్రాంతి అని, ఆడవాళ్ళు ఏ పనీ చేయకుండా ఉయ్యాలలూగుతారట. వాటా ముందు దూలానికి తాడు కట్టి ఊగుతుంటే, మావాళ్ళు పనిగట్టుకుని వెళ్ళి చూసి వచ్చారు.

"మూడు రోజులు ఆడవాళ్ళు పని చెయ్యకూడదంట! అదేం పండగండీ, సోమరితనం కాపోతే!" అన్నారు పిన్నిగారు. అని, వంటింటి వైపు చూసి, "మూడు రోజులంట" అన్నారు మళ్ళీ. రెండోసారి గొంతు వేరుగా ఉంది.

సంజమ్మ తిండి గురించి కూడా చాలా చర్చ జరిగింది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున ఉల్లిపాయ నంజుకుని తింటుంది. "నీళ్ళన్నం తినే చేతులండీ, లేసుకి వాసన పట్టేస్తది" అంది చిన్నమ్మాయి. అదే వరండాలో, అదే పూట, పిన్నిగారి మామగారు జగన్నాథరావుగారు చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ కొరుకుతున్నారు. ఆయనది చలవ.

అయినా, "వచ్చి కూర్చో, నీ చెయ్యి ఎలా కుదురుతుందో చూద్దాం" అని రోజూ మధ్యాహ్నాలు రానిచ్చారు. వరండా మధ్యలో ట్యూబులైటు కింద సంఘం వాళ్ళు. స్తంభం అవతల, చెప్పుల పక్కన సంజమ్మ. అక్కడ కూర్చోమని ఎవరూ అనలేదు. మిగతా చోట్లు ఎవరో ఒకరివి, అంతే. వానాకాలం మబ్బు పట్టిందంటే ఆ మూలకి వెలుగు ఉండదు. ఆవిడ మెడలో చిన్న సంచి ఉండేది. మిగిలిన దారపు ముక్కలతో తనే అల్లుకుంది, ఫోను పెట్టుకోవడానికి. ఆ సంచి అల్లిక చూసి నేను రెండు రోజులు నిద్రపోలేదంటే అబద్ధం, గానీ ఇస్త్రీ మాడ్చిన మాట నిజం.

శ్రావణంలో సెంటరు వాళ్ళు పది పేర్లూ పంపమని ఫోను చేశారు. ఇంక తేల్చక తప్పదు. పిన్నిగారు అందరినీ కూర్చోబెట్టారు.

"ఎవరెంత నేర్చుకున్నా మన చెయ్యి వేరండి. ముట్టుకుంటే తెలిసిపోద్ది. కావాలంటే వీరవేణి మామ్మని అడగండి."

వీరవేణి మామ్మది అతుకుపని. అందరూ అల్లిన పువ్వుల్ని కలిపి దుప్పటిగా కుట్టడం. ముప్పై ఏళ్ళుగా ప్రతి పువ్వూ ఆవిడ చేతిలోంచే వెళుతుంది. "ముట్టుకోడమెందుకే, గాలికి చెప్పేస్తాను" అంది మామ్మ.

అలా పరీక్ష పెట్టారు. మామ్మ పోగా సంఘంలో మిగిలిన ఎనిమిదిమందీ, సంజమ్మా తలొక గులాబీ అల్లాలి, ఏసమ్మగారి నాటి పాత పద్ధతిలో. చీటీలు ఉండవు. మామ్మ అందులోంచి ఒరిస్సా చేతిని పట్టాలి. పట్టలేకపోతే పదో పేరు సంజమ్మది. పిన్నిగారు ఆ మాట అందరి ముందూ అన్నారు. పట్టడం ఖాయమని తెలుసు కాబట్టి ధారాళంగా అన్నారు.

తొమ్మిది పువ్వులూ నేనే ఉతికాను. తేడా రాకుండా ఒక్కో పువ్వు వెనక ఒక్కో రంగు పోగు గుచ్చి, ఏ రంగు ఎవరిదో కాగితం మీద రాసుకుని జాకెట్లో పెట్టుకున్నాను. సేటుగారి కొట్లో కొన్న కొత్త పళ్ళెంలో పేర్చి మామ్మ ముందు పెట్టాను. మామ్మ దేవుడి గదిలోకి వెళ్ళినట్టు కాళ్ళు కడుక్కుని వచ్చి, కళ్ళు మూసుకుని, ఒక్కో పువ్వునీ బొటనవేళ్ళతో లాగి చూడడం మొదలుపెట్టింది.

మూడో పువ్వు దగ్గర ఆగింది. "ఇదిగో. నరసాపురం చెయ్యంటే ఇదీ. లాగినా కదలదు. ఇంకెవరిదే, మన సత్యశ్రీది!"

అందరూ అబ్బా అన్నారు. దాని వెనక ఎర్ర పోగు ఉంది. ఎరుపు సంజమ్మది.

ఏడో పువ్వుని మామ్మ రెండు వేళ్ళతో ఎత్తి, చచ్చిన ఎలకని ఎత్తినట్టు, దూరంగా పట్టుకుంది. "చూడండే. ఇదేంటి, నీళ్ళన్నమా? పిసికితే జావయ్యేలా ఉంది. ఇదే ఒరిస్సాది."

వరండా అంతా ఒకటే నవ్వు. చిన్నమ్మాయికి పొలమారింది. అందరికన్నా ముందు నవ్వినవారు పిన్నిగారే. నవ్వుతూనే పువ్వు చేతిలోకి తీసుకుని తిప్పారు. వెనక ఆఖరి ముడి రెండుసార్లు వేసి ఉంది. సంఘంలో అలా రెండు ముళ్ళు వేసేది ఒక్కరే. ఆ అలవాటు ఆవిడకి పద్దెనిమిదేళ్ళుగా ఉంది. లీడరయ్యాక ఆవిడ లేసు అల్లడం తగ్గిపోయి, లేసు గురించి మాట్లాడడం ఎక్కువైంది. చెయ్యి వదులైన సంగతి ముడికి తెలియదు కదా.

నవ్వు మెల్లగా ఆగింది, ఫ్యాను ఆపాక రెక్కలు ఆగినట్టు.

"అమ్మాయ్, నీ దగ్గర లిస్టుంది కదా, చదువు మరి" అంది చిన్నమ్మాయి నాతో.

నేను జాకెట్లో చెయ్యి పెట్టాను. కాగితం వేళ్ళకి తగిలింది.

"దాన్నెందుకు కష్టపెడతారు, పాపం. దానికి చదువెక్కడొచ్చింది!" అన్నారు పిన్నిగారు. తర్వాత స్తంభం వైపు తిరిగి, పువ్వు ఎత్తి చూపించారు. "ఏమ్మా సంజమ్మా. ఇది నీదేనా?"

సంజమ్మ లేచి వచ్చింది. పువ్వుని చూసింది. ముడిని చూసింది. పిన్నిగారి ముఖం చూసింది. ఆ ముఖంలో ఏముందో నాకూ కనపడింది.

"ఆయ్" అంది సంజమ్మ. "నాదేనండి. ఈసారి బిగించి అల్లుతానండి."

"చూశారా!" అంది వీరవేణి మామ్మ, కళ్ళు తెరిచి.

సాయంత్రం కుళాయి దగ్గర సంజమ్మ చెంబు కడుగుతుంటే అడిగాను, నాకు నేనే కొత్తగా అనిపించేంత గట్టిగా. "ఎందుకలా అన్నారండి?"

ఆవిడ నవ్వింది. "మీ ఊళ్ళో పెద్దవాళ్ళకి పొరపాటు జరిగితే 'పర్లేదండి' అంటారు కదా. నాకూ అలవాటైంది. రేపు ఆవిడే నా పేరు రాస్తారు చూడండి. సాయం మర్చిపోతారా?"

తెలుగు అంతా నేర్చుకుంది గానీ, మమ్మల్ని సగమే నేర్చుకుంది.

శుక్రవారం మీటింగులో పదో పేరు చదివారు. కోమల్. సేటుగారి కోడలు.

ఆ అమ్మాయికి లేసు సూది ఎటు పట్టుకోవాలో తెలియదు. "నేర్చుకుంటది లెండి, పెద్దింటి పిల్ల" అన్నారు. తెలుగు రాదు. "ఎందుకండీ, చేత్తో చేసే పనికి భాషేంటి?" అన్నారు. సేటుగారు సంఘానికి పెద్ద స్టీలు నీళ్ళ డ్రమ్ము ఇచ్చారు. దాని మీద వాళ్ళ అక్షరాల్లో వాళ్ళ నాన్నగారి పేరు చెక్కించారు. ఇప్పుడు మేమంతా చదవలేని పేరు చూస్తూ నీళ్ళు తాగుతాం.

ఎర్ర పోగు పువ్వుని పిన్నిగారు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు. కోమల్ కొత్తలో ఒకరోజు ముసుగులోంచి దాన్ని వేలితో చూపించి, అది నేర్పమని సైగ చేసింది. మంచి కన్నే ఆ అమ్మాయిది. "నెమ్మదిగా, నెమ్మదిగా" అన్నారు పిన్నిగారు. ఇంకా నెమ్మదిగానే ఉంది.

సంగతి తెలిసి ఏసమ్మగారు గోడ పట్టుకుంటూ పట్టుకుంటూ వచ్చారు. మెట్ల మీదే కూర్చున్నారు.

"ఏమే సత్యశ్రీ! మా నాయనమ్మకి నేర్పిన దొరసానికి తెలుగు వచ్చా? చీర కట్టిందా? మన కూడు తిందా? ఆవిడ కాళ్ళ దగ్గర చాపేసుకుని కూచుంది మీ తాతమ్మ కాదూ? కలిసిపోయావా లేదా అని ఆవిణ్ణి అడిగిందా?"

"ఆవిడ దొరసానండీ" అన్నారు పిన్నిగారు.

ఏసమ్మగారు మెట్టు మీద చేత్తో చరిచారు. "పోనీ వదులుగా అల్లిందనే కదా. నా పక్కన కూచోబెట్టుకుని నెలలో బిగువు తెప్పిస్తాను. వచ్చే లిస్టులో రాయి" అన్నారు.

అది ఒప్పుకోకపోవడానికి కారణం లేదు. వరండాలో అందరూ పిన్నిగారి వైపు చూశారు. పిన్నిగారు ఫ్రేము వైపు చూడకుండా ఉండడానికి డ్రమ్ము వైపు చూశారు.

"అసలు సంగతి అది కాదండి" అంది చిన్నమ్మాయి. "చెప్పకూడదనుకున్నాను. ఆవిడ ఆ మూలన ఫోను తీసి, పని మీదకి వంచి, లైటేసేది. నేను కళ్ళారా చూశాను. ఒకసారి కాదు, వాన పట్టిన ప్రతిరోజూ. ఎందుకంటారు? ఫోటోలకి కాపోతే?"

పిన్నిగారు ఎంత పొడుగ్గా ఊపిరి వదిలారంటే, గంజి పెట్టి ఆరేసిన లేసు కదిలింది. "అదీ! నాకు ముందే అనుమానం" అన్నారు.

ఏసమ్మగారు సంజమ్మ కోసం ఒట్టేశారు. ఆవిడ కళ్ళు కనపడవు కాబట్టి ఆవిడ మాట ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కళ్ళు కనపడే నేను ఇస్త్రీ చేస్తున్నాను. కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

ఆ వారంలోనే సంజమ్మ మళ్ళీ షెడ్డులో చేరింది. ముందురోజు పొద్దున పిన్నిగారింటికి వచ్చి, దారపు ఉండా లేసు సూదీ తిరిగి ఇచ్చేసింది. పిన్నిగారు కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఇడ్లీ పెట్టి, ఇంకోటి వేసుకోమని బలవంతం చేశారు. "అప్పుడప్పుడు వస్తూ ఉండమ్మా, నీది కాని ఇల్లా?" అన్నారు. మా వైపు మర్యాదకి వంక పెట్టడానికి లేదు.

"ఆయ్, వస్తానండి" అంది సంజమ్మ. రేపటి ఐసు కోసం అప్పుడే చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని ఉంది.

వెళ్ళబోతూ నా దగ్గరికి వచ్చి మెడలోంచి సంచి తీసింది. "పాపగారూ, మా వాటాలో కరెంటు పోయింది. రేపు షెడ్డు వ్యాను వాళ్ళు ఫోను చేస్తారు. కాసేపు ఛార్జింగు పెడతారా?"

ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, సంచి మూతి విప్పి, ఫోను బయటికి తీశాను. అన్నాళ్ళుగా ఆ సంచి అల్లికనే చూశాను గానీ, లోపల ఉన్నదాన్ని చూడడం అదే మొదలు.

అంకెలు అరిగిపోయిన బటన్ల ఫోను. తల దగ్గర, మబ్బు వేళ అల్లికలో గొలుసు కుట్లు లెక్కపెట్టుకోవడానికి సరిపోయేంత చిన్న టార్చిలైటు ఉంది. కెమెరా లేదు.